మా ఇంటి మంచినీళ్లు

పాప గుడ్డలు ఉతకడం మా అత్తకు చేతకాదు. చేతకాదంటే చెయ్యదని. అలాంటిది నేను రాజధాని బంజుల్ నుంచి వచ్చేసరికి పాప గుడ్డలన్నీ తీగ మీద తెల్లగా ఆరుతున్నాయి. ఐదు రోజులు నేను లేకపోయేసరికి పాపం పెద్దావిడ ఎంత అవస్థ పడిందో అనుకున్నాను. పాపం అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆచారం పేరుతో ఆడపిల్లల మర్మాంగాన్ని కోయకూడదని మా దేశంలో చట్టం ఉంది. దాన్ని ఎత్తేయాలని కొందరు పార్లమెంటులో బిల్లు పెట్టారు. ఆ చట్టాన్ని ఊరూరా తిరిగి మా మాండింకా భాషలో వివరించడం నా ఉద్యోగం. ప్రతి బుధవారం మా ఊరు బాసే రేడియోలో కూర్చుని ఫోన్లకు జవాబు చెప్పడం కూడా. ఉద్యోగమంటే పదకొండు మందికి జొన్నలు దంచి, చేపలు కడిగి, వేరుశనగ పులుసు దించాక మిగిలిన వేళలో చేసేది. నా భర్త డెంబో బడిపంతులు. సభల్లో స్త్రీల గౌరవం గురించి బాగా మాట్లాడతాడు. ఇంటికొచ్చాక తాగిన టీ గ్లాసు తాగినచోటే వదిలేస్తాడు.

ఆ బిల్లు మీద ఓటింగ్ నాటికి బంజుల్‌లో ఉండాలని నేనన్నప్పుడు అత్త ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడింది. "ఆ జనంలో తొమ్మిది నెలల పిల్లనేసుకుని ఎక్కడ తిరుగుతావే? గంజి తాగుతోందిగా, నేను చూసుకుంటా. పోయిరా." పదేళ్ల కాపురంలో ఆమె నాకు చేస్తానన్న మొదటి సాయం అది. బస్సులో ఆ సంగతే అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

మా దగ్గర సోలిమా అని ఒక తిట్టుంది. కోయని పిల్ల అని అర్థం. అర్థం అంతవరకే ఉంటే బాగుండేది. ఎదురు చెప్పినా సోలిమానే, గట్టిగా నవ్వినా సోలిమానే, కూరలో ఉప్పెక్కువైనా సోలిమానే. సోలిమా వండింది తినరు, ఆమె చేతి నీళ్లు తాగరు. నన్ను ఏడేళ్లప్పుడు డప్పులు మోగించి మరీ తీసుకెళ్లారు. నా అరుపు వినపడకూడదనే ఆ డప్పులని తర్వాత తెలిసింది. అందుకే నా కూతురు సిర్రా పుట్టాక ఆ తిట్టునే బిరుదులా రేడియోలో ఎక్కించాను. "నా కూతురు సోలిమా. సోలిమాగానే ఉంటుంది" అని ప్రతి బుధవారం చెప్పేదాన్ని. ఫతోతో అనే ఊరి నుంచి జాబూ అవ్వ ప్రతి వారం ఫోన్ చేసి పరాచికాలాడేది. "తెనెంగ్ తల్లీ, నీ గొంతు తేనె. కానీ మీ ఇంట్లో గుక్కెడు నీళ్లు మాత్రం తాగను సుమా." స్టూడియోలో అందరం నవ్వేవాళ్లం.

బిల్లు ఓడిపోయింది. చట్టం నిలబడింది. పార్లమెంటు బయట ముక్కూముఖం తెలియని ఆడవాళ్లను కావలించుకుని ఏడ్చాను. మర్నాడు ఇంటికొచ్చి పాపకు నీళ్లు పోద్దామని బేసిన్లో కూర్చోబెట్టాను. ఒళ్లు బిగబట్టుకుంది. కాళ్లు విడదీయనివ్వలేదు. ఉచ్చ పోయగానే పెట్టిన కేకకు నా చేతిలో చెంబు జారింది. చూశాను. ఏం చూశానో రాయను. అందరికీ బొమ్మలు చూపించి చెప్పేదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అత్త వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"ఎప్పుడు చేయించావు?"

"నువ్వెళ్లిన మర్నాడే. నాలుగు రోజుల్లో కొంత మానింది, చూశావుగా."

"చట్టం ఉందని తెలుసుగా అత్తా."

"తెలుసు. నీ నోటే విన్నాను." చేట పక్కన పెట్టింది. "ఏడేళ్ల పిల్లయితే బళ్లో చెప్పేస్తుంది, అందుకే ఇప్పుడు మాటలు రాని పిల్లలకు చేసేస్తున్నారు, ఎవరికీ తెలియడం లేదు, కనిపెట్టి ఉండండి అని రేడియోలో నువ్వే అన్నావుగా. నిజమేగదా అనిపించింది. నాకేమన్నా దాని మీద పగా? రేపు తోటి పిల్లలు దాన్ని వెలేస్తే ఏడ్చేది నువ్వే."

కనిపెట్టి ఉండమని తల్లులకు చెప్పాను. నాయనమ్మలూ విన్నారు. నేను చెప్పింది చెప్పినట్టు ఒంటపట్టించుకున్నది, బహుశా, మా అత్త ఒక్కతే.

డెంబో టీ తాగుతూ అన్నాడు: "అమ్మను జైల్లో పెట్టిస్తావా? అయిందేదో అయిపోయింది. చట్టం నిలబడిందిగా, ఇంకేం కావాలి నీకు?" ఆ ముందురోజే అతను ఫోన్లో నన్ను అభినందించాడు. అప్పటికే అతనికి తెలుసు.

పాపను వీపున కట్టుకుని ఠాణాకు వెళ్లాను. అక్కడి పెద్దాయన నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. అంతా విని కాగితం దగ్గరికి కూడా లాగలేదు. "మీ ఇంట్లోనే అని తెలిస్తే రేపట్నుంచి మీ మాట ఎవరు వింటారు మేడం? ఇంట్లోనే సర్దుకోండి." తెలిసీ చెప్పనివాళ్లకూ శిక్ష ఉందని ఊరూరా చెప్పినదాన్ని నేనే. చెప్పాక వినకపోతే ఎవరికి శిక్షో చట్టంలో లేదు.

బుధవారం వచ్చింది. ఇంట్లో ఎవరి దగ్గరా వదలబుద్ధి కాక పాపను వీపున కట్టుకునే స్టూడియోకు వెళ్లాను. మొదటి ఫోన్ జాబూ అవ్వదే.

"గెలిచారట తల్లీ. అయితే నీ కూతురింకా సోలిమానేనా?"

అవునందామనే నోరు తెరిచాను. నిజంగా. ఠాణా పెద్దాయన అన్నదాంట్లో అబద్ధం లేదు, కాదంటే ఇన్నేళ్ల పని గంగలో కలిసిపోతుంది. అంతలో వీపు మీద వెచ్చగా తడి తగిలింది. వెంటనే పాప కేక. మైకు తగ్గించడానికి టెక్నీషియన్ చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. నాకు డప్పులు కొట్టారు, నా కూతురికి మైకు తగ్గిస్తారు. ఆ కేక పూర్తిగా అయ్యేదాకా మైకు దగ్గర అలాగే కూర్చున్నాను. ఏటికి అటూ ఇటూ ఎన్ని ఊళ్లలో విన్నారో.

"కాదు అవ్వా," అన్నాను. "నేను ఓటింగ్‌కు వెళ్లినప్పుడు మా ఇంట్లో దాన్ని కోసేశారు. మీరిప్పుడు విన్నది అదే."

అవతల దీర్ఘంగా ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందనుకున్నాను. నా కళ్లూ నిండాయి.

"అల్‌హందులిల్లా," అంది జాబూ అవ్వ. ఆ గొంతులో నిజమైన సంతోషం. "ఇన్నాళ్లకు మంచి మాట చెప్పావు తల్లీ. ఈసారి బాసే వస్తే మీ ఇంట్లోనే భోజనం."