పేరు రాసిన రికార్డు

"ఆదివారం సాయంత్రం మనింట్లో ప్రేయర్. పాస్టరుగారొస్తారు, జనం ఒస్తారు. ఈలోగా మంచం కింద ఆ పళ్ళేల ట్రంకు తీయించెయ్. పాతసామాన్లు కొనే బిక్రీవాలాకి చెప్పీసేను," అన్నాడు దయానందం, చేపముక్కలోంచి ముల్లు తీసుకుంటూ.

విజయ కుమారి గరిటె పట్టుకుని పక్కన నిలబడి ఉంది. ఎదురు చెప్తే మొగుడు కంచం ముందు నుంచి లేచిపోతాడు. మిగిలిన అన్నం ఆమె తప్పవుతుంది. పెళ్లయిన కొత్తలోనే నేర్చుకున్న పాఠం అది. ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది.

అవి పళ్ళేలు కావు. ఆ మాట ఆయనకీ తెలుసు. గ్రామఫోను రికార్డులు, చిన్నవి, చపాతీ అంత. ఇటు ఒక పాట, అటు ఒక పాట. గిటార్లు మెళ్ళో వేసుకున్న కుర్రాళ్ళు పాడిన ఇంగ్లీషు పాటలు. ఆమె భవానీపూర్‌లో ఒక హోమియోపతి డాక్టరు దగ్గర మందుపొట్లాలు కడుతుంది. తన ఈడువాడే అయిన ఆ డాక్టరు ఆమెను బెంగాలీలో పిన్నీ అన్నట్టు "మాషీ" అని పిలుస్తాడు, టీ గ్లాసులు కూడా కడిగిస్తాడు. పని అయ్యాక బస్సెక్కే ముందు, ఫుట్‌పాత్ మీద పాత సామాన్లమ్మే దాదా దగ్గర గొంతుక్కూర్చుని రికార్డులు వెతుకుతుంది. మచ్చలేనివి పక్కన పెట్టేస్తుంది. మధ్యలో గుండ్రటి కాగితం మీద ఎవరో ఆడపిల్ల పేరు రాసి ఉంటేనే తీసుకుంటుంది.

"దిదీ, అది పాడైపోయిన ముక్క. పేరు గిలికేశారు. మంచిది ఇస్తాను, ఉండండి," అంటాడు దాదా ప్రతిసారీ.

"నాకు పాడైందే కావాలి."

పేర్లెందుకు రాసేవారో దాదాకేం తెలుసు? ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన పిల్లనడగాలి. క్రిస్మస్ సోషల్‌కి, అంటే హాల్లో అందరూ చేరి ఆడే రాత్రికి, ఎవరి రికార్డులు వాళ్ళు తెచ్చుకునేవారు. తెచ్చినవాళ్ళ పాట వేసినప్పుడు ముందు వాళ్ళే లేచి ఆడాలి, అది కాలనీ కట్టుబాటు. రాత్రి అన్నీ కలిసిపోతాయని, తెల్లారి ఎవరిది వాళ్ళకి చేరాలని, బాల్‌పెన్నుతో పేరు రాసుకునేవారు. ఆ వయసులో ఆడపిల్ల పేరుమీద ఉండే ఆస్తి అదొక్కటే. ఇల్లు నాన్నది, గొలుసు అమ్మది, రేపు పుట్టబోయే పిల్లలు ఇంకో ఇంటిపేరువాళ్ళు. రికార్డు మాత్రం తనది.

విజయకీ ఒకటుండేది. దానిమీద ఊదారంగు సిరాతో "విజ్జి" అని రాసుకుంది. పాట మధ్యలో ఎవడో ఈల వేస్తాడు, పొద్దున్నే పనికిపోయేవాడు నడుస్తూ వేసినట్టు. ఆ ఈల ఆమెకీ వచ్చేది. హాలు నడిమధ్య నిలబడి వేస్తే కాలనీ కుర్రాళ్ళే నోళ్ళు మూసుకునేవారు.

పెళ్ళికి నాన్న మూతున్న పెట్టెలాంటి రికార్డు ప్లేయరు కొనిచ్చాడు. ఆ ఒక్క రికార్డూ పెట్టుకుని షాలిమార్ రైల్వే క్వార్టర్స్‌కి కాపురానికొచ్చింది. ఒకనాడు బట్టలారేస్తూ మైమరచి ఈల వేసింది. గుమ్మంలో అత్తగారు అప్పమ్మ.

"ఏటే, ఇది ఇల్లనుకున్నావా, గూడ్సు యార్డనుకున్నావా?"

ఆ రోజు దయానందం కూడా నవ్వాడు. తల్లి నవ్వించింది కదా మరి. ఆ తర్వాత యార్డులో ఇంజను కూత వినబడితే చాలు, "నీ చుట్టాలు పిలుస్తన్నారు, ఎల్లు," అనేవాడు. ఎన్నేళ్ళని. ఒకే జోకుకి ఒకే మనిషి ఎన్నేళ్ళు నవ్వగలడో మగాణ్ణి పెళ్ళిచేసుకుంటేగాని తెలీదు.

మరుసటేడు ఆడపడుచు రమాకుమారి పెళ్ళి. బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు వాళ్ళ సంబంధం. విజయ వంటింట్లో పులుసు కలుపుతుండగా అత్తగారు ప్లేయరుని దుప్పట్లో మూటగట్టి పెళ్ళిసామాన్లతో పంపేసింది. "ఆడపిల్లకిచ్చుకున్నాం, పైవాళ్ళకేటి?" అంది. పైది ఎవరో చెప్పక్కర్లేదు. రికార్డు సంగతడిగితే, "బిక్రీవాలాకేసేనేమో, ఎవరికి గురుతు," అంది.

అప్పట్నుంచి వెతుకుతోంది. తన పేరు దొరకలేదు. వేరే పేర్లు దొరికాయి. జూలియా. మేరీరాణి. బులు. ఎవరో ఎలిజబెత్, పేరు కింద "అన్నయ్య ముట్టుకోకూడదు" అని కూడా రాసుకుంది. జూలియా రికార్డుని ఆవిడ కొడుకే గోనెసంచిలో తెచ్చి తూకానికి అమ్మేశాడని దాదా చెప్పాడు. మిగతావాళ్ళ కథలు ఆమే అల్లుకునేది. ఈ పిల్లలంతా ఏమైపోయి ఉంటారు? ఏమైపోతారు, ఎక్కడో వండుతూ ఉంటారు. ఇంట్లో ప్లేయరు లేదు. ట్రంకులో ఉన్న ఒక్క పాటా ఆమె వినలేదు. పాతచీర ముక్కతో తుడిచి, పేర్లు పైకి చదివి, మళ్ళీ సర్దేసేది. ఆ ప్లేయరు పెట్టె రమ ఇంట్లో మోగుతూ ఉంటుందని, రమ గాజులు గలగలలాడిస్తూ ఆడుతూ ఉంటుందని తలుచుకునేది. ఆడపడుచు మీద ఆమె కోపానికి రమ పెళ్ళి దగ్గర్నుంచీ అదే మేత. పెళ్ళిళ్ళలో, చావుల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు. పెట్టె మాట మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

శనివారం రమే ఫోన్ చేసింది. వానాకాలంలో మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది.

"ఒదినా, అటక దింపిస్తన్నాను. నీ పెట్టె ఉంది. ఒచ్చి సూసుకుంటావేటి?"

ఆదివారం అన్నం వండిపెట్టి, బాజారు సంచులు రెండు నిండా రికార్డులు సర్దుకుంది. దయానందం పేపరు దించి చూశాడు.

"ప్రేయర్ టైముకి ఒచ్చీ. టీలూ అవీ నువ్వు లేకపోతే కుదరదు."

నది దాటి, లోకల్ రైల్లో ఒళ్ళో సంచులు పెట్టుకుని కూచుంది. బరువుకి తొడలు తిమ్మిరెక్కాయి. కదపలేదు.

రమ ఇంట్లో పెట్టె నేలమీద ఉంది, అదే దుప్పటి, అత్తగారు వేసిన ముడి. విజయ ముడి చూసి రమ మొహం చూసింది.

"ఇప్పలేదా?"

"ఎక్కడిప్పనిచ్చేరు? వాక్యం సదివే ఇంట్లో సైతాను పాటలేటని మా అత్త ఆ రోజే అటకెక్కించీసింది. ఆ తరవాత ఈయన. అడిగితే మిల్లు డ్యూటీ సేసొచ్చినోడికి నిద్దరొద్దా అనీవోడు." రమ ముడి లాగుతూ తల దించుకుంది. "నీది లాక్కొచ్చీసేనని నువ్వు తిట్టుకుంటావని తెలుసొదినా. ఒక్కసారి తిప్పినా తిట్లు గిట్టుబాటయ్యేవి."

విజయకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె ఊహల్లో ఆడిన రమ అసలు ఆడనే లేదు.

మూత తీశారు. లోపల చక్రం మీద రికార్డు. ఊదారంగు సిరా. విజ్జి.

అత్తగారు బిక్రీవాలాకి వెయ్యలేదు. మూత ఎత్తి చూడనేలేదు. కోడలి వస్తువు లోపల ఏముందో చూడాలని ఎవరికనిపిస్తుంది గనక?

రమ ప్లగ్గు పెట్టింది. ఏమీ కదల్లేదు. లోపల రబ్బరు బెల్టు కరిగి జిగురైంది. స్పీకరు చచ్చింది. విజయ చీరకొంగుతో రికార్డు తుడిచి, ముల్లు ఆనించింది.

"ఏలుతో తిప్పు. మెల్లిగా. ఆపకు."

రమ చూపుడువేలు ఆనించి తిప్పసాగింది. ఇద్దరూ పెట్టెమీదకి వంగారు, నెరిసిన తలలు రెండూ ఆనుకున్నాయి. స్పీకరు లేకపోయినా ముల్లే పాడుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే. ముందు గీకుడు. తర్వాత చీమంత గిటారు. వేలు అలిసినప్పుడు పాట మూలిగింది, తొందరపడ్డప్పుడు చిన్నపిల్ల గొంతైంది. వినబడాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే.

"ఒదినా, ఈ సంచుల్లోవన్నీ?"

"ఇక్కడే ఉంటాయి. నేనొస్తూంటాను. తిప్పు, ఈల ఒస్తాది."

అప్పుడే ఫోను మోగింది. రమ వేలాగింది. "అన్నయ్య," అంది.

విజయ ఎత్తింది. అవతల కుర్చీలు జరుగుతున్న చప్పుడు.

"పాస్టరుగారొచ్చీసేరు. ఎక్కడున్నావ్? టీ ఎవరెడతారు?"

"టీపొడి స్టవ్వు పక్కన నీలం డబ్బాలో ఉంది."

అవతల ఏదో గిన్నె కిందపడింది.

"ట్రంకు ఖాళీ చేసేను," అంది విజయ. "బిక్రీవాలాకి ఇచ్చెయ్యండి."

ఫోను ఆపేసి సంచిలో పడేసింది, జూలియాకీ మేరీరాణికీ మధ్యన. మళ్ళీ పెట్టెమీదకి వంగి, ఎండిన పెదాలు తడి చేసుకుంది.

"మొదట్నించి పెట్టు, రమా."