సెంటర్ ఫార్వర్డ్ మద్దిలేటి

మద్దిలేటి పిండిలోకి రెండోసారి ఉప్పు వేయబోతుంటే పెంచల్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వేసినావు గదన్నా, ఇంతకుముందే."

"వేసినానా?"

చిటికెడు పిండి నాలుక మీద పెట్టుకుని చూసి, నిజమేనని తల ఊపి, మళ్లీ పిసకసాగాడు. ఫింటాస్‌లోని ఆ రొట్టెల దుకాణంలో పిండి కలిపే పని అతనిది, కాల్చే పని పెంచల్‌ది. బయట తెల్లారకముందే ఖుబ్బూసు రొట్టెల కోసం జనం బారు తీరారు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పటి నుంచి రోజూ ఇదే వరస. ఎండాకాలం సెలవులకని దేశం దాటిన యజమాని తిరిగి రాలేదు. పనివాళ్లలో మిగిలింది వీళ్లిద్దరే. ఈ రోజుతో వీళ్ల పనీ ఖలాస్. సాయంత్రం మహబూలా నుంచి జోర్డాన్ వైపు పోయే బస్సులో వీళ్లూ ఎక్కాలి.

మద్దిలేటి పొడగరి. మెడ ఎద్దు మెడలా లావుగా ఉంటుంది. ఎప్పుడో విరిగిన ముక్కు ఎడమ పక్కకు ఒరిగిపోయింది. నుదుటి మీద చర్మం మడమ చర్మంలా మొద్దుబారింది. ఈ మనిషికి కాస్తో కూస్తో పేరు వచ్చిందంటే ఆ నుదుటి వల్లే.

కుర్రతనంలో నందలూరు లోకో షెడ్డులో బొగ్గు ఎత్తేవాడు. షెడ్డు ఫుట్‌బాల్ జట్టును చూసుకునే ముసలి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు అతని ఎత్తు చూసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఇంగ్లండులో ఆడిన సెంటర్ ఫార్వర్డుల కథలు ఆ దొర నోటికి వచ్చు. వాళ్లు గ్రౌండు మధ్య గీత దాటి వెనక్కి రారట. ఎదుటివాళ్ల గోలు ముందు నిలబడి బంతి కోసం కాచుకుని ఉంటారట, వచ్చిందా తలతో కొడతారట. మద్దిలేటి ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. వానకు నానిన తోలు బంతి ఇటుక బరువుండేది. దాన్ని ఏళ్ల తరబడి తలతో కొట్టాడు. పేపర్లో పేరు పడలేదు, రైల్వేలో పర్మినెంటు ఉద్యోగమూ దొరకలేదు. చివరికి కువైట్ వచ్చి, శుక్రవారాలు ఫింటాస్ వెనకాల ఇసుక గ్రౌండులో మనవాళ్ల జట్టుకు ఆడాడు. జుట్టు నెరిసినా మానలేదు. ముందు తలనొప్పులు వచ్చాయి, ఆ వెనకే మరుపు. గోలు ఏ పక్కనుందో చెప్పి పంపండ్రా అని జట్టులోవాళ్లు ఆట పట్టిస్తే తనూ నవ్వేవాడు. నవ్వనిది అతని భార్య చిన్నక్క ఒక్కతే.

ఆమె సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసేది. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నారన్న మాటే గానీ ఒక కప్పు కింద ఉన్నది లేదు. శుక్రవారం మధ్యాహ్నం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆమెను వదిలేది. అతను స్నానం చేసి గ్రౌండుకు పోయేవాడు. ఆమె కూడా అక్కడికే వచ్చి గోలు పక్కన ఇసుకలో కూర్చునేది. ఆట అయ్యాక చీకటి పడేదాకా మాట్లాడుకునేవారు. వాళ్ల సంసారమంతా ఆ గ్రౌండులోనే జరిగిందంటే అబద్ధం కాదు.

నిన్న రాత్రి ఫోన్లో చెప్పింది అతనే. "రేపు గ్రౌండు కాడికి రావద్దు మేయ్. ఆడ మిలిటరీ దిగింది. నేరుగా మహబూలా బస్సు కాడికే రా. నేనూ ఆడికే వస్తా."

"నువ్వు మర్చిపోతావయ్యా. యాడికి వస్తావో మళ్లా ఒకసారి చెప్పు."

"బస్సు కాడికి."

"ఇంకోసారి."

"బస్సు కాడికేలే మేయ్."

మధ్యాహ్నానికి పిండి అయిపోయింది. బట్టీ ఆర్పి, పెంచల్ చేతులు తుడుచుకున్నాడు. "గదికి పోయి మూటలు నేను ఎత్తుకొస్తానన్నా. నువ్వు తానం జేసి బస్సు కాడికి పా. వదిన కాచుకోనుంటాది."

మద్దిలేటి సరేనన్నాడు. గోళ్లలో ఇరుక్కున్న పిండి గీకి, తలారా నీళ్లు పోసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. శుక్రవారం, స్నానం, ఉతికిన చొక్కా. అతని కాళ్లకు ఆ తర్వాత తెలిసిన దారి ఒకటే. పాపం, కాళ్లను మాత్రం ఏమని తిడతాం?

గ్రౌండులో జట్టువాళ్లు ఎవరూ లేరు. తొందరగా వచ్చానేమో అనుకున్నాడు. లారీలు నిలబడి ఉన్నాయి. ఒక పక్క గొయ్యి తవ్వి ఉంది. ఇవెందుకు ఉన్నాయో రాత్రే ఎవరో చెప్పారు, తనే చెప్పాడో మరి. గుర్తు రాలేదు. వెళ్లి గోలు ముందు తను ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాడు.

"రూహ్!" అని ఒక సిపాయి అరిచాడు, పొమ్మని.

"మా ఇంటామె వస్తాది సార్," అన్నాడు మద్దిలేటి తెలుగులోనే, మర్యాదగా.

దూరంగా రోడ్డు మీద నల్లటి అబాయా వేసుకున్న ఆడమనిషి కనిపించింది. చిన్నక్కే అనుకున్నాడు. నేనిక్కడున్నానని, బంతి అడిగేటప్పుడు లేపినట్టు, కుడి చెయ్యి పైకి లేపాడు. తుపాకీ ఒకసారి పేలింది. రోడ్డు మీది మనిషి వెనక్కి తిరిగి పరిగెత్తింది. మద్దిలేటి ముందు మోకాళ్ల మీద కూలబడి, ఆ తర్వాత పక్కకు ఒరిగాడు.

మహబూలాలో బస్సు కిక్కిరిసి ఉంది. చిన్నక్క ముందుగా వచ్చి, కిటికీలోంచి కొత్త తుండుగుడ్డ విసిరి పక్క సీటు ఆపింది. పెంచల్ రెండు మూటలతో వచ్చేసరికి డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు.

"యాడ మీ అన్న?"

పెంచల్ మూటలు కింద పెట్టాడు. "దోవలో యాడా కనపడకపోతే వెతకను పోయినా వదినా. గ్రౌండు కాడికి పోయినాడంట. కాల్చినారు."

"రావద్దని చెప్పింది ఆయనే గదా," అంది చిన్నక్క. "ఆయనే గదా చెప్పింది." అని దిగబోయింది. పెంచల్ వాకిలికి అడ్డం నిలబడి ఏడ్చాడు. దగ్గరికి పోతే నిన్నూ కాలుస్తారు, నన్నే పోనీలేదు అన్నాడు. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పట్టుకుని తెచ్చి సీట్లో కూర్చోబెట్టారు. మొగుణ్ణి ఇసుకలో వదిలి ఊరికి పోతున్నానే అని ఆమె గుండె బాదుకుంది. బస్సు కదిలింది.

చాలా దూరం పోయాక, కమ్మీ పట్టుకుని నిలబడి అలసిపోయిన ముసలాయన ఒకడు వంగి అడిగాడు.

"అమ్మా, ఈ సీటుకు ఎవరన్నా ఉండారా?"

"ఉండారు," అంది చిన్నక్క.

ఆయన మళ్లీ కమ్మీ పట్టుకున్నాడు. బస్సు కుదుపుకు తుండుగుడ్డ అంచుదాకా జారింది. ఆమె దాన్ని మళ్లీ సీటు మధ్యకు లాగి, మడత విప్పి, పూర్తిగా పరిచింది.