నిండిన, నిండని

ఆయన పోయాక మందుల చీటీ చదివిపెట్టే మనిషి లేక నేను తికమకపడుతుంటే, మనవరాలే నాకు అక్షరాలు దిద్దించింది. దానికిప్పుడు పదమూడేళ్లు.

పిల్లలు ఫోన్లో ఫొటోలు పెట్టుకునే ఖాతాలకు కొత్త చట్టం వచ్చింది. పదహారు నిండకపోతే ఖాతాకు తాళాలు పడతాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజీ పంపలేరు. వయసు సంగతి ఇంట్లో పెద్దవాళ్లే చదివి నొక్కాలి. నా కూతురు ఆస్పత్రిలో డ్యూటీకి వెళ్లింది.

"అమ్మమ్మా, నువ్వు నొక్కు. చదవగలవా?"

"ఏమే, గురువుకే శిష్యురాలి మీద నమ్మకం లేదా?"

రెండు గళ్లున్నాయి. 'నిండినవారు', 'నిండనివారు'. రెండూ ఒకేలా కనిపించాయి. అడిగితే నామోషీ. పైదాన్ని నొక్కేశాను.

ఇరవై రోజులకు ఎవడో పెద్దవాడు దాన్ని ఫొటోలు అడుగుతున్న మెసేజీలు నా కూతురి కంటపడ్డాయి.

"పదహారు నిండాయని అబద్ధమాడావా? ఈ దొంగబుద్ధులు ఎవరు నేర్పారే?" చెంప ఛెళ్లుమంది.

మనవరాలు ఒక్కసారి నా వైపు చూసింది. "నేనే నొక్కాను," అంది.

నేను కుడుతున్న జాకెట్టు మీదికి తల వంచుకున్నాను. ఆ పూటంతా ఎత్తలేదు. డకారానికి గుడి ఉంటే ఒక మాట, నకారానికి ఉంటే దానికి సరిగ్గా ఎదురుమాట. ఆ సంగతి అప్పటికే తెలిసిపోయింది నాకు.

తెల్లారి నా కూతురు చెప్పులేసుకుంటూ, "నడు. మీ టీచరు ముందు అబద్ధమాడానని నీ నోటితో చెప్పు," అంది.

"నొక్కింది నేనే," అన్నాను.

"దాన్ని వెనకేసుకురాకమ్మా. చదువొచ్చిందని వీధంతా చాటావుగా!"

"రాలేదే. వచ్చినట్టు నటించాను."

నమ్మలేదు. ఆ రెండు గళ్లున్న చోటు తీసి ఫోన్ నా ముందు పెట్టింది. మనవరాలి ముందే కూడబలుక్కుని చదివాను. గుడి సంగతి తెలిసినా, రెండోమాట దగ్గర మళ్లీ తప్పాను.

నా కూతురు గోడకు చేరగిలబడింది. "ఉత్తపుణ్యానికి కొట్టానే పిల్లని."

"ఉత్తపుణ్యానికేం కాదు," అంది మనవరాలు నేల చూస్తూ. "అమ్మమ్మ తప్పు నొక్కిందని నాకప్పుడే తెలుసు. తాళాలుంటే నాతో ఎవరూ మాట్లాడరని ఊరుకున్నా."

తర్వాత నా కూతురు వాడి మీద ఫిర్యాదు రాసి పంపింది. వయసు దిద్దే గళ్లు తెరిచి, "నువ్వే మార్చమ్మా," అంది.

నా వేలు రెండు మాటల మధ్య ఆగిపోయింది. మనవరాలు పక్కనే నిలబడి ఉంది. ఏదని అది చెప్పలేదు, నేనూ అడగలేదు.