సాంచల వాడలో ఒక చెవి

నేను ఒక చెవిని. తల్లి కడుపులో మొలవలేదు. ఎక్కడో విదేశంలో, చేతొడుగులు తొడుక్కున్న మనుషులు సన్నటి పట్టుకారులతో నన్ను బిగించారు. జీడిపిక్కంత ఒళ్లు, దానికొక తీగ, తీగ చివర రూపాయి బిళ్లంత అయస్కాంతం. అంతే నేను. నా జోడీ ఒకటి మనిషి తలలో, చర్మం కింద ఉంటుంది. డాక్టర్లు కోసి పెడతారు. నేను బయట శబ్దాన్ని పట్టుకుని, కరెంటుగా మార్చి, అయస్కాంతం మీదుగా లోపలికి తోస్తాను. నా జోడీ దాన్ని నరానికి అందిస్తుంది. అప్పుడు మనిషి, ‘వినపడింది’ అంటాడు.

నన్ను చూసిన ప్రతివాళ్లూ వరం అన్నారు. వరం ఇచ్చేవాళ్లలో ఒక గుణం గమనించాను. ఎంత కావాలని మాత్రం అడగరు.

నా మొదటి యజమాని చక్రపాణి గారు. సికింద్రాబాద్‌లో రిటైర్డ్ ఇంజనీరు. ఆయన దగ్గర నేను సుఖంగా బతికాను. మనవడు కబుర్లు చెబుతుంటే నేను ఆయన తల మీద ఉండేవాణ్ణి. హాల్లో టీవీ సీరియల్ మొదలవగానే బల్ల మీద ఉండేవాణ్ణి. బావమరిది వచ్చాడంటే సొరుగులోకే. ఎవరైనా అడిగితే ఆయన భార్య, “చెవికి కాస్త విశ్రాంతి ఇస్తున్నార్లెండి” అనేది. ఇల్లంతా గొంతు తగ్గించేది. కొత్త మోడల్ రాగానే ఆయన నన్ను ఒక ధర్మసంస్థకు దానమిచ్చారు. ఫోటో తీశారు. ఫోటోలో ఆయన ముఖం పెద్దగా పడింది, నేను పడలేదు.

ఆ సంస్థవాళ్లు నాలోని ఆయన లెక్కలన్నీ తుడిచేసి నన్ను సిరిసిల్ల పంపారు. అక్కడే నా చేతులతో, ఆ మాటకొస్తే నా కరెంటుతో, ఒక తల్లికీ బిడ్డకూ మధ్య జరగరానిది జరిగింది.

ఆమె పేరు స్వరూప. కూతురు రిషిత పుట్టిన పదో రోజున స్వరూపకు మెదడు జ్వరం వచ్చింది. ప్రాణం మిగిలింది, రెండు చెవులూ పోయాయి. భర్త అంబదాసు ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచలు నడిపేవాడు. సాంచ అంటే ఆ ఊళ్లో పవర్‌లూమ్. స్వరూప ఆ షెడ్డులోనే నూలు కండెలు చుట్టేది. చుట్టుపక్కల ఆడవాళ్లు మోతకు తల పట్టుకుంటుంటే ఆమె మాత్రం ప్రశాంతంగా పని చేసుకునేది. “నీదే నయమే పిల్లా” అని పరాచికాలాడేవాళ్లు. ఆమె పెదవుల్ని చూసి మాట పోల్చుకుని నవ్వేది.

కానీ లోపల ఒకటే కోరిక. బిడ్డకు మూడేళ్లు నిండాయి. వాగుడుకాయ అని అందరూ అంటున్నారు. ఆ గొంతు ఎలా ఉంటుందో కన్నతల్లికి తెలియదు. తల కోయించుకోవడానికి ఆమె ఒప్పుకున్నది అందుకే. అంబదాసు ఆమె కోసం తిరగని ఆఫీసు లేదు, పట్టుకోని కాళ్లు లేవు. ఈ మాట ముందే చెప్పాలి. అతను చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే కథ సులువుగా తెగేది.

కరీంనగర్‌లో ఒక క్లినిక్. ఆపరేషన్ గాయం మానాక, నన్ను తల మీద పెట్టి మొదటిసారి స్విచ్ వేసే రోజు. నన్ను కంప్యూటర్‌కు తగిలించి నీరజ మేడం కూర్చుంది. వినికిడి నిపుణురాలు. ఆమె పని మెట్టు మెట్టుగా శబ్దం పెంచుతూ, మనిషికి ఎక్కడ హాయిగా ఉందో, ఎక్కడ భరించలేనంత అవుతుందో కనిపెట్టి ఆ గీత దగ్గర ఆపడం. ఆ గీతను యంత్రం చెప్పలేదు. వేసుకున్న మనిషే చెప్పాలి.

“ఎక్కువైందనిపించగానే చెయ్యెత్తండి” అని నీరజ పలక మీద రాసి మరీ చూపించింది.

కాసేపటికి స్వరూప చెయ్యెత్తింది. పక్కనే కూర్చున్న అంబదాసు ఆ చేతిని మెల్లగా దించాడు.

“అప్పుడే ఎత్తితే ఎట్లనే? ఇంకా షురువే కాలే” అని, నీరజ వైపు తిరిగాడు. “మేడం, మాది సాంచల వాడ. మీ రూము లెక్క నిమ్మళంగుండదు. ఆ మోతల మాట ఇనవడాలంటే ఇంకింత పెంచుండ్రి.”

“ఆవిడకు ఇబ్బందిగా ఉందేమో చూడండి.”

“కొత్త గద మేడం. రెండు దినాలైతే అదే అలవాటైతది. గంతే గదనే?”

స్వరూప అతని ముఖం చూసింది. జ్వరంలో తనను భుజాన వేసుకుని ఆసుపత్రి మెట్లెక్కిన ముఖం అది. తలూపింది. బయట బెంచీల నిండా జనం. నీరజ ఆ ఊపిన తలను నమ్మింది. గీత దాటి పెంచింది.

సాంచల వాడలో పుట్టినవాడికి తెలిసిన లెక్క ఒక్కటే. మోత ఎక్కువైతే గొంతు పెంచాలి. నన్ను పెంచితే గొంతుతో పాటు మోత కూడా పెరుగుతుందని అతనికి తట్టలేదు.

వరండాలో నాయనమ్మ చంకలో ఉన్న రిషిత తల్లిని చూసి, “అమ్మా” అని కేక వేసింది. మూడేళ్లు ఎదురుచూసిన మాట. నేను దాన్ని పట్టి, నాకు చెప్పినంత బలంగా లోపలికి తోశాను. ఇనుప రేకు మీద మేకుతో గీసినట్టు తగిలింది. స్వరూప ముఖం ముడుచుకుపోయింది. ఎడమ కన్ను దానంతటదే టపటప కొట్టుకుంది. అత్త కాంతవ్వ అది ఆనందమనుకుని తనూ కళ్లు తుడుచుకుంది. పిల్ల మాత్రం తల్లి ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఇంటికొచ్చాక వాడ వాడంతా పరీక్షలు పెట్టడానికి వచ్చింది. స్వరూప వెనక నిలబడి ఒకామె పళ్లెం మీద గరిటెతో కొట్టింది. ఇంకొకామె చెవి దగ్గర చప్పట్లు చరిచింది. ఆమె ఉలిక్కిపడినప్పుడల్లా అందరికీ సంబరం. “ఇనవడ్తంది, ఇనవడ్తంది” అన్నారు. చెరువులో చేపను పొడిచి, కదిలింది కాబట్టి ఆరోగ్యంగా ఉందని చెప్పినట్టు.

ఆ తర్వాత షెడ్డులో నాలుగు సాంచలూ ఒక్కసారి నడిచాయి. షటిల్ ఇటునుంచి అటు కొట్టుకునే ప్రతి దెబ్బా ఆమె పుర్రె లోపల పడింది. పాలిథిన్ కవరు నలిగితే నిప్పురవ్వలు. కుక్కర్ విజిల్ వేస్తే సూది. నేను ఏం చేయను? నాకు ఎక్కువ తక్కువలు తెలియవు, అంకెలే తెలుసు. ఆమె నన్ను పీకి గూట్లో పెట్టింది.

“ఏమాయె? తీసినవేంది?” అంది కాంతవ్వ.

“తల పలుగుతంది అత్తా. నొస్తంది.”

“ఇంటె నొస్తదా ఎక్కడన్న? ఊరు ఊరంత ఇంటాంది గీ సప్పుడు. మాయి చెవులు గావా?”

“అట్ల గాదత్తా...”

“చెవు లేనప్పుడు లేదని ఏడ్పు, పెట్టిస్తే ఉన్నదని ఏడ్పు. వాడు ఎంత తిరిగిండో ఎరికేనా? పెట్టుకో. పెట్టుకుంటెనే అలవాటైతది. ఆ కన్నెందుకు కొడ్తున్నవ్? ఎవలను జూసి?”

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. స్వరూప నన్ను మళ్లీ తగిలించుకుంది.

చక్రపాణి గారు నన్ను తీస్తే దాని పేరు విశ్రాంతి. స్వరూప తీస్తే దాని పేరు పొగరు. యంత్రం ఒకటే, స్విచ్ ఒకటే.

ఆమె భరించే ఉపాయాలు వెతుక్కుంది. గిన్నెల కింద గుడ్డ పరిచేది. కుక్కర్ మానేసి అన్నం గిన్నెలో వార్చేది. నా మైకు మీద దూది అంటించి చూసింది. అంబదాసు ఆ దూది చూసి తీసేశాడు. “గాలాడకుంటె ఖరాబైతదే” అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఒక సాయంత్రం రిషిత పరుగెత్తుకుంటూ వచ్చింది. గోడ మీద పిట్ట వాలిందట. “అమ్మా, అమ్మా, పిట్టనే, పిట్ట” అని తల్లి మెడకు వేలాడి నా పక్కనే అరిచింది. స్వరూప రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆ చెవులు మూస్తే ఏం లాభం, నేను తెరిచే ఉన్నాను. నొప్పికి కళ్లు తిరిగి, “అరవకు! నోర్ముయ్యి!” అని కసిరింది. పిల్ల మెడ వదిలేసింది.

మర్నాటి నుంచి ఇంట్లో ఒక వింత మొదలైంది. రిషిత తల్లి ముందుకు వచ్చి పెదవులు కదిపేది, స్వరూపకు ఏమీ వినపడేది కాదు. సాంచలు వినపడుతున్నాయి, అత్త సణుగుడు వినపడుతోంది, వీధిలో కూరగాయల బండి వినపడుతోంది. బిడ్డ మాట మాత్రం రావడం లేదు. ఆమె నన్ను తీసి ఊపి చూసింది. బ్యాటరీ మార్చింది. నేను పాడయ్యాననుకుంది. ఎవరితోనూ అనలేదు. పాడు చేసిందని మళ్లీ ఒక మాట పడాల్సి వస్తుందని భయం.

నేను పాడవలేదు. ఆ పెదవుల మధ్య నుంచి నాకు అందడానికి ఏమీ రావడం లేదు.

“పోరి బుద్ధిమంతురాలైంది, లొల్లి తగ్గింది” అని కాంతవ్వ మెచ్చుకుంది.

రోజూ అంగన్‌వాడీ నుంచి పిల్లను కాంతవ్వే తెచ్చేది. ఒక రోజు ఆమె మోకాళ్లు పట్టేసి కదల్లేకపోతే స్వరూప వెళ్లింది. వీధి మలుపు తిరగగానే పిల్లల పాట. అందరికంటే పైకి ఒక గొంతు, గరుకుగా, తప్పుల తడకగా, ఆపేవాళ్లు లేనట్టుగా. దూరం వల్ల అది నొప్పించలేదు. ఆ గొంతు ఎవరిదా అని స్వరూప గుమ్మంలోకి తొంగి చూసింది.

మధ్యలో నిలబడి పాడుతున్నది రిషిత. తల్లిని చూసింది. తల్లి చెవి వెనక నన్ను చూసింది. చరణం మధ్యలో టక్కున ఆగిపోయింది.

“మీ పిల్లనా?” కళావతి టీచర్ నవ్వింది. “దీని నోరు మూపిచ్చుడే నాకు పెద్ద పని. కోడిగుడ్డు పెట్టినా ఆగది.”

“ఇంట్ల మాట్లాడదు టీచర్. పెదవులే ఆడిస్తది. నా మిషన్ ఖరాబైందనుకున్న.”

టీచర్ నవ్వు ఆపింది. పిల్లను దగ్గరకు తీసుకుంది. “ఏమే, అమ్మతోని ఎందుకు మాట్లాడవు?”

రిషిత టీచర్ చెవి దగ్గర నోరు పెట్టి రహస్యంగా చెప్పింది. రహస్యాలు పట్టడం నాకు కష్టం కాదు. ఆ గీత దాటించిన కరెంటు పుణ్యమా అని స్వరూపకు ప్రతి అక్షరమూ అందింది.

“నేను మాట్లాడితే అమ్మకు నొస్తది.”

మర్నాడు స్వరూప ఎవరికీ చెప్పకుండా కరీంనగర్ బస్సెక్కింది. నన్ను రుమాలులో చుట్టి చేతిసంచిలో పెట్టుకుంది. పెళ్లయ్యాక ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారి. క్లినిక్‌లో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నీరజ నన్ను తగిలించి, పోయినసారి ఆపిన దగ్గరకు శబ్దం పెంచగానే ఎడమ కన్ను కొట్టుకోవడం మొదలుపెట్టింది.

నీరజ చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. “ఇది కరెంటు ఎక్కువై ముఖం నరానికి తగలడం. ఇన్నాళ్లూ ఇలాగే ఉందా? చెప్పాలి కదమ్మా.”

“చెప్పిన మేడం. చెయ్యెత్తిన. మీరు సూసిండ్రు.”

నీరజ తల వంచుకుని నా అంకెల్ని ఒక్కొక్కటిగా దించుతూ పోయింది. ఈసారి ప్రతి మెట్టు దగ్గరా ఆగి అడిగింది. సాంచల దగ్గరకు వెళ్లేటప్పుడు నన్ను తీసేయమంది. రోజులో కొన్ని గంటలతో మొదలుపెట్టి, అలవాటైన కొద్దీ పెంచుకోమంది. నొప్పి వస్తే ఓర్చుకోవద్దంది. తీసేయడం తప్పు కాదంది.

“గీ ముక్క మా ఆయనకు ఫోన్ల జెప్పుండ్రి మేడం. నేను జెప్తే పొగరైతది.”

నీరజ చెప్పింది. అవతల అంబదాసు, “నేను మంచికే గద మేడం పెంచుమన్న” అన్నాడు. అతని గొంతులో తడి ఉంది. నేను పట్టాను. కానీ దానితో ఇప్పుడెవరికీ పని లేదు.

ఆ సాయంత్రం సాంచల మోత పక్కింటి రేకుల మీద వాన పడ్డట్టుంది. అంతే. కాంతవ్వ ఏదో అనబోతే అంబదాసు, “ఊకోవే అవ్వా” అన్నాడు. స్వరూప గడప మీద కూర్చుని కూతుర్ని ఒళ్లోకి పిలిచింది.

“మాట్లాడు బిడ్డా. ఇగ నొయ్యది.”

రిషిత పెదవులు కదిపింది. గొంతు లేదు.

“నిజంగ నొయ్యది. డాక్టరమ్మ బాగ జేసింది. గట్టిగ మాట్లాడు, అరువు, ఏం గాదు.”

పిల్ల నమ్మలేదు. పెద్దవాళ్లు నొయ్యదని చెప్పి సూది వేయించడం ఆమెకు తెలుసు. కాసేపు తల్లి కన్ను వైపు అనుమానంగా చూసింది. తర్వాత మోకాళ్ల మీద లేచి, రెండు చేతులతో నన్ను మెల్లగా, గుడ్డు తీసినంత జాగ్రత్తగా, తల్లి తల మీంచి తీసింది. గడప పక్కనున్న గూట్లో, పసుపు డబ్బా దగ్గర పెట్టింది. వచ్చి ఒళ్లో కూర్చుంది. అప్పుడు నోరు విప్పింది.

స్వరూప చెయ్యి చాచి నన్ను అందుకోబోయింది. పిల్ల ఠక్కున నోరు మూసుకుంది. స్వరూప చెయ్యి వెనక్కు తీసుకుంది, మాట మళ్లీ మొదలైంది. ఇంకోసారి ప్రయత్నించింది. మళ్లీ అంతే. ఆ తర్వాత స్వరూప నా వైపు చూడలేదు. కూతురి పెదవుల మీద చూపు నిలిపి కూర్చుంది. అందిన చోట తలూపింది. అందని చోట నవ్వింది.

నన్ను ఆపడం పిల్లకు తెలియదు. నా మైకు తెరిచే ఉంది. కాకి వచ్చి కోడిగుడ్డు ఎత్తుకుపోవడం, టీచర్ చెప్పు విసరడం, చెప్పు గోడ అవతల పడటం, ఇన్ని రోజులుగా దాచుకున్నవన్నీ ఆ పిల్ల ఏకబిగిన చెప్పింది. మధ్యలో పాట కూడా పాడింది. ఒక్క అక్షరం పోకుండా పట్టాను. పట్టినదంతా కరెంటుగా మార్చాను. ఎక్కడ ఆపాలో కూడా ఈరోజే నాకు తెలిసింది. ఇప్పుడు ఆ గొంతు ఆమెను నొప్పించదు.

పంపడానికి నా కింద తల లేదు. బ్యాటరీ అయిపోయేదాకా ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది.