బోణి కాని గంప

జ్వరం దిగిన సైరాకు హకీం మెత్తటి అన్నం, బీరకాయ కూర పెట్టమన్నాడు. నిన్న సాయంత్రం తల్లి ఖుర్షీద్ తాండూరు బజారులో కాయలు కొంది. అవి హైదరాబాదు నుంచి రైల్లో వచ్చి గోతాంలో మగ్గినవి. పిల్ల తిన్నదంతా కక్కేసింది. “తెంపిన పూటే వండాలె, లేకుంటే జ్వరం తిరగబెడతది” అన్నాడు హకీం.

అలాంటి కాయలు శాంతవ్వ గంపలో ఉంటాయి. ఆమె రోజూ పొద్దున్నే పెద్దేముల్ నుంచి తెచ్చి ఇంటింటికీ అమ్ముతుంది. ఈరోజు ఎండ ముంగిట్లోకి వచ్చినా జాడలేదు. రాత్రి వానకు వాగు పొంగిందో, ఆమెకే ఒంట్లో బాగాలేదో. ఖుర్షీద్ పిల్లను అత్తకు అప్పగించి బజారంతా వెతికింది. ఎవరూ చూడలేదన్నారు.

కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి గడప ముందు శాంతవ్వ! గంప నిండుగా ఉంది.

“యాడ తిరుగుతున్నవ్ బీబమ్మా? వాగు తగ్గేదాంక ఆగి వచ్చిన. నువ్వు బోణి చెయ్యంది ఎవ్వరికీ అమ్మను గద!”

“నేనడిగినా ఇయ్యలే. జర దీని నఖ్రాలు సూడు!” అంది అత్త.

“నీ బోణి వద్దు పెద్దమ్మా. మొన్న నువ్వు చేస్తే గంపెడు మిగిలినయ్.”

ఖుర్షీద్‌కు నవ్వు రాలేదు. కాయను గిల్లితే గోరు దిగి నీరు చిమ్మింది. పైసలిచ్చి, గబగబా వండి, మొదటి ముద్ద పెట్టి, పిల్ల గొంతు వైపే చూస్తూ కూర్చుంది.

“ముద్ద కడుపుల నిలిచిందా?” అత్త నోట సంగతంతా విని, ఇంకా గడప దగ్గరే కూర్చున్న శాంతవ్వ అడిగింది.

“అమ్మీ, ఇంకో ముద్ద” అంది సైరా.

అప్పుడు శాంతవ్వ గంప నెత్తికెత్తుకుంది.