ఎర్రగీత పక్కకి పోయింది

"ఇదిగో, గీత మళ్ళీ పక్కకి పోయింది. వచ్చి చూడు," అని మా ఆయన షెడ్డులోంచి కేకేసేసరికి నేను అంట్లగిన్నెల ముందున్నాను. షెడ్డు ఇంటి వెనకే. తలుపులకీ కిటికీలకీ చట్రాలు చేస్తారు. మూలలు అతికేలా చెక్కని ఏటవాలుగా కోసే రంపం మిషన్ మీద ఒక లేజర్ ఉంటుంది. బ్లేడు ఎక్కడ దిగుతుందో చెక్క మీద ఎర్రగీతగా చూపిస్తుంది. మిషన్ అదిరీ అదిరీ ఆ గీత జరిగిపోతుంది. వెంట్రుకవాసి జరిగినా చట్రం మూల నోరు తెరుస్తుంది. అది తెరిస్తే మా ఆయన నోరూ తెరుచుకుంటుంది.

వెళ్ళాను. లేజర్ అద్దానికి పట్టిన పొట్టు మెత్తటి గుడ్డతో తుడిచాను. పనికిరాని ముక్కొకటి బిగించి, బ్లేడుతో పైపైన గాడి కోసి, ముక్క కదలనివ్వకుండా, గీత ఆ గాడి మీదే పడేదాకా లేజర్‌కున్న చిన్న స్క్రూ మరని కొంచెం కొంచెంగా తిప్పాను. ఎవరూ నేర్పలేదు, చెడగొట్టీ బాగుచేసీ పట్టుబడింది. మా ఆయన దీన్ని "చేతిసాయం" అంటారు. "రంపం దగ్గర నీకేం పని, గిన్నెలు అట్టకట్టుకుపోతున్నాయి," అంటుంది అత్తగారు. అవీ నేనే తోమాలి కదా, ఆవిడ బాధ ఆవిడది.

ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ఆడపిల్లలకి వడ్రంగం నేర్పే బడి నడుపుతుందట. చట్రం మూలలు వేలితో తడిమి, "అతుకే తెలియడం లేదు. మిషన్ ఇంత సరిగ్గా ఎవరు పెడతారండీ? మా పిల్లలకి నేర్పేవాళ్ళు కావాలి," అంది.

"నేనే," అన్నారు మా ఆయన, చెక్క మీద పొట్టు ఊదుతూ.

ఆవిడ నా ముంజేతులకి అంటిన పొట్టు చూసింది. "మీరూ ఇక్కడ పని చేస్తారామ్మా?"

అడిగి, జవాబు కోసం ఆగింది. నా మాట కోసం ఒక మనిషి ఆగి నిలబడి ఎన్నాళ్ళయిందో. మాట నాలిక చివరికొచ్చింది. మా ఆయన నావైపు చూడనైనా లేదు. ఆయన ధీమా ఆయనది. ఇన్నేళ్ళుగా ఇంట్లో నా గురించి విన్నవన్నీ కలిసి నా గొంతుతోనే పలికాయి.

"నేనా? ఊడ్చిపెడతానంతే."

ఆవిడ ఇంకో క్షణం నన్నే చూసి, మా ఆయనతో ఏ రోజుల్లో రావాలో మాట్లాడుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన స్టూలు లాక్కుని మిషన్ పక్కన కూర్చున్నారు. "ఏదీ, ఆ మర తిప్పడం ఓసారి మెల్లిగా చూపించు. పిల్లలకి చెప్పాలిగా." లోపల అత్తగారు, "మావాడు పంతులయ్యాడు," అని ఎవరికో ఫోన్లో చెప్పుకుని మురిసిపోతోంది.

గుడ్డ, గాడి, మర అన్నీ చూపించాను. ఒక్కటి మాత్రం చెప్పకుండా ఆపుకున్నాను. అంతలో బ్లేడు పక్కన వేళ్ళు పెట్టబోయే ఆ ఆడపిల్లలు కళ్ళ ముందు మెదిలారు.

"అద్దం తుడిచేముందూ, మర తిప్పేముందూ ప్లగ్ పీకెయ్యమనండి," అన్నాను. "లేజర్‌కి వేరే బ్యాటరీ ఉంది, అది వెలుగుతూనే ఉంటుంది. చెయ్యి పెట్టేది ఆ తరవాతే."

"అది నాకు తెలీదేంటి," అన్నారాయన.