మళ్ళీ పెట్టెలో పెట్టిన కాగితం

జూన్ ఇరవై, శుక్రవారం. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం పెరుగన్నం, మాగాయ తిన్నాం. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, దస్తావేజులు రాసే పెంచలకృష్ణ దుకాణం అరుగు మీద కూర్చుని తిన్నాం. క్యారియరు ఏసుమణి తెచ్చింది. ఆదిశేషమ్మక్కకు పళ్ళు లేవు కాబట్టి అన్నం మెత్తగా పిసికి, ముక్క పక్కన పెట్టి, ఊట మాత్రం కలిపి ఇచ్చింది. తను చివర్న, క్యారియరు గిన్నెలోనే తినేసింది.

అక్కకు ఎనభై రెండేళ్ళు. పిల్లల్లేరు, భర్త పోయి చాలా కాలమైంది. మా ఎదురిల్లు ఆమెది. రెండు గదులు, వెనక ఒక వసారా. పాలమ్మిన డబ్బుతో కొన్న ఇల్లు. నా భార్య పోయినప్పుడు ఒక నెలపాటు రోజూ సాయంత్రం గిన్నెడు చారు మా గడప మీద పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయేది. ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. అందుకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

ఏసుమణి ఆరేళ్ళుగా ఆమె దగ్గరుంది. కాలనీలో తన గుడిసె తుపానుకు పడిపోతే అక్క వెనక వసారాలో చోటిచ్చింది. ఆ వసారాకు తలుపు లేదు, గోనెపట్టా వేలాడుతుండేది. అక్క తుంటి విరిగి ఎనిమిది నెలలు మంచంలో ఉన్నప్పుడు వీపు మీది పుండ్లు కడిగింది ఏసుమణే. బంధువులు వచ్చేవాళ్ళు. గుమ్మంలోనే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, "బాగుండావా పెద్దమ్మా" అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు.

అందుకే ఆ ఇల్లు ఏసుమణికి దానంగా రాసింది అక్క. పెంచలకృష్ణ చదివి వినిపించాడు. అక్క ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. నేనూ అతనూ సాక్షులుగా సంతకాలు చేశాం. అయితే ఆఫీసులో వేలిముద్రల యంత్రం ఆమె వేళ్ళను గుర్తుపట్టలేదు. యాభై ఏళ్ళు పాలు పితికిన వేళ్ళు, గీతలు అరిగిపోయాయి. అక్కడి గుమాస్తా అమ్మాయి విసుక్కోలేదు. తడిగుడ్డ తెచ్చి ఒక్కో వేలూ తుడిచి నాలుగుసార్లు ప్రయత్నించింది. చివరికి, "సోమవారం రండవ్వా, కళ్ళు చూసే మిషను తెప్పిస్తాం" అంది.

తిరిగొస్తుంటే ఆటోలో అక్క ఆ కాగితాన్ని ఏసుమణి ఒళ్ళో పెట్టింది.

"ఇదిగో మే. ఇల్లు నీది. సోమవారం ముద్దర పడినా నీదే, పడకపోయినా నీదే. నన్ను మాత్రం ఎళ్ళగొట్టబాక."

"ఎళ్ళగొట్టన్లే పెద్దమ్మా. బాడుగ మాత్రం టైముకియ్యాల."

ఇద్దరూ నవ్వారు. ఆటో నడిపేవాడు కూడా అద్దంలో చూసి నవ్వాడు.

ఇంటికొచ్చాక నేనొక తప్పు చేశాను. "వసారాలో పెట్టుకుంటే వానకు తడిసిపోద్ది సార్, యాడ దాచేది?" అని ఏసుమణి నన్ను అడిగింది. "అక్క పెట్టెలోనే పెట్టు, భద్రంగా ఉంటుంది" అన్నాను. ట్రంకుపెట్టె మూత నేనే ఎత్తి పట్టుకున్నాను. అక్క పట్టుచీర కింద ఏసుమణి దాన్ని జాగ్రత్తగా పెట్టింది.

ఆదివారం తెల్లవారుజామున అక్క నిద్రలోనే పోయింది.

అక్క మరిది కొడుకు నరేంద్రబాబు కోట అనే ఊరి నుంచి కారులో వచ్చాడు. అతనికి రొయ్యల గుంటలున్నాయి. శవానికి స్నానం చేయించకముందే అతని భార్య రేవతి అక్క నడుముకున్న తాళంచెవి తీసుకుంది. ముడి రాకపోతే పంటితో తెంపింది. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది. నాలుగోరోజున లారీ వచ్చింది. అక్క పడుకున్న గదిలో రొయ్యల మేత బస్తాలు పైకప్పు దాకా పేర్చారు. ఎండుచేపల పిండి కంపు వీధంతా కమ్మింది. నేను కిటికీలు మూసుకున్నా కంచంలో అదే వాసన. ఏసుమణి ఆ బస్తాల వెనక, వసారాలో పడుకునేది.

పదకొండో రోజు భోజనాలయ్యాక పెద్దమనుషుల ముందు పెట్టె తెరుస్తున్నామని నన్ను పిలిచారు. తెరవడం అంతకుముందే అయిపోయిందని చూడగానే తెలిసింది. పట్టుచీర లేదు. కాగితం మాత్రం పైనే ఉంది. నరేంద్రబాబు పాయసం తింటూనే దాన్ని తీసి నాకిచ్చాడు. అక్క సంతకం పక్కన అతని వేలి జిడ్డు అంటుకుంది.

"చూసినారా సార్, ఇది పెద్దమ్మ పెట్టెలోనే ఉండాది. ఇచ్చేసుంటే దాని దగ్గరుండాల గదా? అంటే పెద్దమ్మ మనసు మార్చుకున్నట్టే. రిజిస్ట్రీ కాలా, మనిషి లేదు. ఇంక ఇది ఉత్త కాగితం."

"అయితే నాకెందుకిచ్చావు?"

"మీరు సాక్షి గదా. మీ చేత్తోనే చించేస్తే మర్యాదగా ఉంటాది. రేపు నన్నెవరూ వేలెత్తి చూపరు."

"ఏసుమణిని వట్టి చేతుల్తో పంపంలే సార్," అంది రేవతి. "రెండు చీరలు పక్కన పెట్టినాం."

చూశాను. అక్క మంచంలో ఉన్నప్పుడు కట్టినవి, ఉతికినా చీము మరకలు పోని నేతచీరలు. నా నోట్లో ఇంకా వాళ్ళ పాయసం తీపి ఉన్నందుకు నాకే రోత పుట్టింది. వాళ్ళ వరసలో కూర్చుని, వాళ్ళు వడ్డించిందంతా తిన్నాను. ఏసుమణికి పెరట్లో విస్తరి వేస్తుంటే చూస్తూ తిన్నాను.

"ఆటోలో అక్క ఈ కాగితం ఏసుమణి ఒళ్ళో పెట్టింది. నా కళ్ళతో చూశాను," అన్నాను. "పెట్టెలో దాచమన్నది నేను. మూత ఎత్తిందీ నేనే."

నరేంద్రబాబు గిన్నె అడుగు వేలితో తుడిచి నాకాడు.

"చదువుకున్నోళ్ళు, మీకు తెలియదా సార్? రేపు మీ ఎదురుగుండా కాపురముండేది ఎవురు? మీరు నీళ్ళు తాగతారా ఆ ఇంట్లో?"

"పెరుగన్నమే తిన్నానయ్యా," అన్నాను.

జేబురుమాలుతో ఆ జిడ్డు తుడిచాను. పూర్తిగా పోలేదు. పెరట్లోకి వెళ్ళాను. ఏసుమణి వాళ్ళ అండాలు తోముతోంది. కాగితం చాపాను.

"చేతులు తడిగా ఉండాయి సార్."

"తుడుచుకో. నేనుంటాను."

తుడుచుకుని తీసుకుంది. ఈసారి ఎక్కడ పెట్టుకోమనీ నేను చెప్పలేదు. తన బైబిలు సంచిలో పెట్టి జిప్పు లాగింది.

పెంచలకృష్ణ మాకు ధైర్యం చెప్పాడు. "రాసింది, సంతకం పెట్టింది, చేతికిచ్చేసింది. ఆమె చేతిలో ఉండే పనంతా అయిపోయింది సార్. నాలుగు నెలల్లోపు రిజిస్ట్రీకి పెడితే మనిషి పోయినా చెల్లుద్ది. కాకపోతే వారసులు కాదంటారు. అప్పుడు పైఆఫీసులో విచారణ ఉంటాది. చూసినోళ్ళు నోరు విప్పాల."

అలాగే అయింది. వారం తిరక్కుండా కాగితం దాఖలు చేశాం. నరేంద్రబాబు కాదన్నాడు, విచారణ నెల్లూరుకు వెళ్ళింది. అక్కడ అతను లేచి, ఆ సంతకం తన పెద్దమ్మది కానే కాదని ప్రమాణం చేశాడు. ఆమె మంచంలో ఉన్న ఎనిమిది నెలల్లో ఒక్కసారీ ఆ చేతిని పట్టుకోని మనిషి. చెప్పేటప్పుడు గొంతు కూడా తడబడలేదు. నేను తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాను, లేకపోతే బయటికి వెళ్ళిపోయేవాణ్ణి.

సంతకం పెట్టడం చూశారా, ఆమె కాగితం ఎవరికిచ్చింది అని ఆఫీసరు అడిగాడు. చెప్పాను.

"ఆమెకిచ్చేసిన కాగితం మళ్ళీ పెట్టెలోకి ఎందుకెళ్ళింది?"

"నేను చెప్పబట్టి వెళ్ళిందండి. ముసలి మనిషి పెట్టె జోలికి ఎవరూ పోరనుకున్నాను."

ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు. తరవాత ఏసుమణిని చూసి, అప్పటిదాకా నిలబడే ఉందని గమనించి, కుర్చీ చూపించాడు. ఆమె అంచు మీద కూర్చుంది.

అక్టోబరులో రిజిస్ట్రీ చేయమని ఉత్తర్వు వచ్చింది. ముద్దర పడింది. కోర్టుకు పోతానని నరేంద్రబాబు కబురు పంపాడు, పోతాడేమో. నిన్న లారీ వచ్చి బస్తాలు తీసుకుపోయింది. పోతూ పోతూ కావాలనే రెండు బస్తాలు చించి గదిలో పోసి వెళ్ళారు. ఏసుమణి చేటతో ఎత్తి, పసుపునీళ్ళతో మూడుసార్లు కడిగింది. వాసన పోలేదు. ఇంకో నెల పోదు.

సాయంత్రం మా అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. వసారాలోని చాప చుట్టి ముందుగదిలోకి తెచ్చింది. గడప దగ్గర నిలబడి గడియ ఒకసారి వేసి, తీసి, మళ్ళీ చూసుకుంది. ఆరేళ్ళుగా ఆమె పడుకునే చోటికి గడియ లేదు.

"వాసనగా లేదా, ఏసుమణీ?" అని అడిగాను.

"ఉండాది సార్. ఉండనీండి."

దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.